ఏళ్లుగా నిలిచిపోయిన పాత కారులో పట్టేసిన వాల్వులు వదిలించి, టాపెట్లు సెట్ చేసుకోవడం ఎలా

తాతగారి అంబాసిడరో, ఎవరి దగ్గరో కొన్న హెరాల్డో ఏళ్ల తర్వాత షెడ్డులోంచి బయటికొచ్చిందంటే అందరూ చేసే మొదటి పని ఒకటే. కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం. ఆ ఒక్క పని మాత్రం చేయకండి. నిలిచిపోయిన ఇంజిన్లలో తుప్పు చేసే నష్టం తక్కువ, తొందరపడి కొట్టిన సెల్ఫ్ చేసే నష్టం ఎక్కువ. తుప్పు పట్టిన వాల్వును ఆయిలు, ఓపిక రెండూ ఉంటే ఇంట్లోనే వదిలించవచ్చు. అదే వాల్వు మీద సెల్ఫ్ మోటారు బలమంతా పడితే వాల్వుని ఆడించే పుష్ రాడ్డు వంగుతుంది, దాన్ని నొక్కే రాకర్ మీట విరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో పిస్టన్ వచ్చి తెరుచుకుని ఉన్న వాల్వును గుద్దేస్తుంది కూడా. అప్పుడు వందల్లో పోయేది వేలల్లోకి పోతుంది.

"సార్, ఒక్కసారి సెల్ఫ్ కొడితే అదే వదులుతుంది" అనే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. విజయవాడలో కాస్త ఎక్కువే ఉంటారు, ఎందుకంటే ఇక్కడ బళ్లూ ఎక్కువే. ఆయనకి టీ ఇప్పించి పంపించేయండి. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టండి.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా అంబాసిడర్‌లో వచ్చిన పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ని ఎదురుగా పెట్టుకుని చెబుతున్నది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బీఎంసీ ఇంజిన్ అది. వాల్వులు పైన హెడ్‌లో, అంటే సిలిండర్ల మీది మూతలో ఉంటాయి. కింద తిరిగే క్యామ్ టాపెట్‌ని పైకి తోస్తే, అది పుష్ రాడ్డుని, పుష్ రాడ్డు రాకర్‌ని తోస్తుంది. రాకర్ రెండో కొస వాల్వుని కిందికి నొక్కి తెరుస్తుంది. స్టాండర్డ్ హెరాల్డ్‌కీ, ఫియట్ 1100కీ పద్ధతి ఇదే, కొలతలే వేరు. పాత విల్లీస్ జీపులాంటి సైడ్ వాల్వ్ ఇంజిన్ల సంగతి తర్వాత విడిగా చెబుతాను.

అసలు ఎందుకు పట్టేస్తుంది

నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఏ స్థితిలో ఆగినా అందులో కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి. అన్నీ మూసుకుని ఆగే స్థితి అంటూ ఉండదు. తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సైలెన్సర్ నుంచి, ఇన్‌లెట్ వాల్వు గుండా కార్బొరేటర్ నుంచి బయటి గాలి లోపలికి పోతూ ఉంటుంది. కృష్ణ ఒడ్డున మన గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు. వానాకాలంలో ఆ తేమ వాల్వు కాడ మీద చేరుతుంది. ఎగ్జాస్ట్ వైపు కాలిన మసి, దానిలోని ఆమ్లం ముందే ఉంటాయి. అవన్నీ కలిసి కాడకీ, అది పైకీ కిందికీ జారే గొట్టం అయిన గైడుకీ మధ్యనున్న సన్నటి సందులో తుప్పు పెడతాయి.

ఇన్‌లెట్ వైపు కథ వేరు. అక్కడ తుప్పు కంటే పాత పెట్రోలు జిగురు ఎక్కువ. ఊడదీసి చూస్తే కాడ మీద తేనె రంగులో గట్టి పూత కనిపిస్తుంది. గోటితో గీకితే బెల్లం పాకం ఆరిపోయినట్టు పెళుసుగా రాలుతుంది. పెయింటు డబ్బా మూత తీసినప్పటి వాసన వస్తుంది. ఎగ్జాస్ట్ కాడ అయితే గైడు లోంచి బయటికొచ్చే చోట సరిగ్గా ఒక గోధుమ రంగు ఉంగరం కట్టుకుని ఉంటుంది. ఈ రెండింటికీ మందు వేరు కాబట్టి తేడా తెలిసి ఉండాలి. జిగురుకి అసిటోన్ పనిచేస్తుంది, తుప్పుకి చొచ్చుకుపోయే ఆయిలు పనిచేస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా, ఆ నీళ్లలో మునిగిన బండి అయితే లెక్క మారుతుంది. అలాంటి ఇంజిన్‌లో వాల్వులు ఒక్కటే కాదు, బోరులో, అంటే సిలిండర్ లోపల, పిస్టన్ రింగులు కూడా పట్టేసి ఉంటాయి. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులో బురద ఉంటుంది. దాన్ని హెడ్ దించకుండా బాగుచేయాలనుకోవద్దు. నేరుగా హెడ్ దించే భాగానికి వెళ్లిపోండి.

ముందు చూసుకోవాల్సినవి

బండిని చదునైన చోట పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో వేయండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే మొత్తం దించేయండి. ఆ పెట్రోలుతో ఇంజిన్ స్టార్ట్ చేస్తే మీరు శుభ్రం చేసిన ఇన్‌లెట్ వాల్వు నాలుగు రోజుల్లో మళ్లీ జిగురుతో పట్టేస్తుంది. డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం.

స్పార్క్ ప్లగ్గులు విప్పే ముందు వాటి చుట్టూ ఉన్న గుంటల్లోని దుమ్ము గాలితో ఊదేయండి. టైరు షాపు గాలి పైపు అయినా చాలు. లేకపోతే ఆ ఇసకంతా సిలిండర్‌లో పడుతుంది. ప్లగ్గులు తీశాక ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి ఓ పూట వదిలేయండి. తర్వాత ముందు బంపర్ రంధ్రంలోంచి హ్యాండిల్ రాడ్డు పెట్టి మెల్లగా తిప్పి చూడండి. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి, రాడ్డు చుట్టూ తిప్పి పట్టుకోవద్దు. ప్లగ్గులు లేవు కాబట్టి వెనక్కి తన్నదు, అయినా ఈ అలవాటు చేసుకుంటే మంచిది.

రాడ్డు అసలు కదలకపోతే సమస్య వాల్వులది కాదు, బోరులోనో బేరింగుల్లోనో ఉంది. బలవంతం చేయకుండా ఇంకా కొన్నాళ్లు ఆయిల్ పోసి ఉంచండి. కొంచెం తిరిగి ఒకచోట గట్టిగా ఆగిపోతే అక్కడే ఆపండి. ఆ చోటు దాటించాలని కాలు పెట్టి తొక్కేవాళ్లని చూశాను. పుష్ రాడ్లు వంగేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు టాపెట్ కవర్ తీయండి. పైన రెండు నట్లు, ఒక గొట్టం, అంతే. ఎనిమిది వాల్వుల తలలు వరసగా కనిపిస్తాయి. రేడియేటర్ వైపు నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా మనసులో నంబర్లు వేసుకోండి. ఈ ఇంజిన్‌లో వరస ఇలా ఉంటుంది: ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, ఆ తర్వాత మళ్లీ అదే వరస. హ్యాండిల్ రాడ్డు కదిలేంత వరకు కదిలిస్తూ గమనించండి. రాకర్ పైకి లేచినా వాల్వు దాని వెంట పైకి రాకపోతే, అంటే రాకర్ వదులుగా ఊగుతూ వాల్వు కింద దిగబడే ఉంటే, అది తెరుచుకుని పట్టేసింది. పుష్ రాడ్డు పైకి తోస్తున్నా రాకర్ కదలకుండా బిగుసుకుంటే అది మూసుకుని పట్టేసింది. రెండో రకం ప్రమాదం. వెంటనే తిప్పడం ఆపి ఆ రాకర్ స్క్రూ వదులు చేయండి.

మందు పట్టించడం

చొచ్చుకుపోయే ఆయిల్ కోసం ఆటోనగర్‌లో ఏ షాపుకి వెళ్లినా డబ్ల్యూడీ 40 డబ్బా చేతిలో పెడతారు. చెడ్డదేం కాదు, కానీ తొందరగా ఆరిపోతుంది, ఇలాంటి పనికి ఒక్కటే చాలదు. నా ఓటు ఇంట్లో కలుపుకునే దానికే. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఏటీఎఫ్ ఆయిలు సగం, అసిటోన్ సగం గాజు సీసాలో కలపండి. రెండూ విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ ఊపి వాడాలి. అసిటోన్ పెట్రోలంత సులువుగా అంటుకుంటుంది, పెయింటుని తినేస్తుంది, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. గాలి ఆడే చోట వాడండి. బీడీ కాల్చే వాళ్లని దగ్గరికి రానివ్వకండి.

ఇంజెక్షన్ సిరంజితో వాల్వు స్ప్రింగ్ మధ్యలోంచి కాడ వెంట గైడు మీద పడేట్టు కొన్ని చుక్కలు వేయండి. ఎక్కువ పోస్తే లాభం లేదు, పక్కకి కారిపోతుంది. పైనుంచి ఒక్కటే చాలదు, కిందనుంచీ తగలాలి. ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, అంటే హెడ్‌కి బిగించిన గాలి, పొగ గొట్టాలు రెండూ ఒకే వైపు ఉంటాయి. అవి విప్పితే పోర్టుల్లోంచి వాల్వు కాడ నేరుగా కనిపిస్తుంది. టార్చ్ వేసి చూడండి. ఫోనుకి తగిలించే చిన్న కెమెరా ఉంటే ఇంకా మంచిది. అక్కడ కూడా చుక్కలు వేయండి. ఎలుకలు పెట్టిన గూళ్లు, చింపిరి గుడ్డలు కూడా ఈ దారిలోనే దొరుకుతాయి, అన్నీ లాగేయండి.

పొద్దునా సాయంత్రం వేస్తూ రెండు మూడు రోజులు అలా వదిలేయండి. ఇనుము కాస్త వేడెక్కితే ఆయిలు లోపలికి బాగా పాకుతుంది. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన బండికి అదీ అక్కర్లేదు, బానెట్ ముట్టుకుంటే చేయి కాలుతుంది. చలికాలంలో అయితే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ వాడండి, అదీ అసిటోన్ పూర్తిగా ఆరిన తర్వాతే. గ్యాసు మంట మాత్రం దగ్గరికి తేవద్దు.

కదిలించడం

అసలు పని ఇది. దీనికి తొందర పనికిరాదు.

అన్ని రాకర్ల స్క్రూలూ వదులు చేసి, రాకర్‌ని షాఫ్టు మీద స్ప్రింగ్‌కి ఎదురుగా పక్కకి నెట్టి, పుష్ రాడ్లు ఒక్కొక్కటే తీయండి. పైకి లాగే ముందు రాడ్డుని చేత్తో అటూ ఇటూ తిప్పండి. కింద టాపెట్ ఆయిల్‌తో రాడ్డుకి అతుక్కుని ఉంటుంది. తిప్పకుండా లాగితే దాని చోటులోంచి లేచి వచ్చేస్తుంది. అట్టముక్కకి ఎనిమిది రంధ్రాలు చేసి, నంబర్లు రాసి, ఏ రాడ్డుని ఆ రంధ్రంలో గుచ్చండి. ఒక్కోదాన్ని గాజు పలక మీద దొర్లించి చూడండి. వంగిన రాడ్డు దొర్లుతూ తలాడిస్తుంది. దాన్ని సుత్తితో సరిచేసే ప్రయత్నం చేయొద్దు, మార్చేయండి.

పుష్ రాడ్లు లేవు కాబట్టి ఇప్పుడు స్ప్రింగులు పైకి లాగుతున్నాయి, బాగున్న వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి. మూసుకోనిది ఏదో ఇట్టే తెలుస్తుంది. దాని తల పక్కవాటికంటే కిందికి దిగి ఉంటుంది. స్కేలు అడ్డం పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది.

ఏ సిలిండర్ మీద పని చేస్తున్నారో ఆ పిస్టన్‌ని బాగా కిందికి దించండి. ప్లగ్గు రంధ్రంలో ఒక పొడవాటి స్ట్రా పెడితే పిస్టన్ ఎక్కడుందో తెలుస్తుంది. ఇప్పుడు బాగున్న వాల్వు తల మీద చిన్న చెక్కముక్క పెట్టి ప్లాస్టిక్ సుత్తితో మెత్తగా కొట్టండి. స్ప్రింగ్ చేతిని వెనక్కి తోస్తుంది, టక్కున మూసుకున్న శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి. పట్టేసిన దాని మీద అలాగే కొడితే రాయి మీద కొట్టినట్టు మొద్దు శబ్దం వస్తుంది, చేతికి ఏ స్పందనా ఉండదు.

మూసుకుని పట్టేసిన వాల్వు అయితే ఆ చిన్న దెబ్బలే మందు. వాల్వు మిల్లీమీటరు కిందికి దిగి తిరిగి పైకొస్తే మీరు గెలిచినట్టే. దిగి అక్కడే ఉండిపోతే ఆపండి. ఇంకా కిందికి కొట్టొద్దు. ముందు దాన్ని పైకి తేవాలి.

తెరుచుకుని పట్టేసిన దాన్ని పైకి తేవడానికి హెడ్ దించకుండా చేసే పద్ధతి తాడు. ఆరేడు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి నైలాన్ తాడు ఒకటి రెండు గజాలు తీసుకోండి. చివర కాల్చి మొద్దు చేయండి, పోగులు లోపల రాలకూడదు. పిస్టన్ కింద ఉండగా ప్లగ్గు రంధ్రంలోంచి తాడుని లోపలికి దోపండి. రెండో చివర బయటే ముడి వేసి ఉంచండి. తర్వాత హ్యాండిల్ రాడ్డుతో పిస్టన్‌ని మెల్లగా, చాలా మెల్లగా పైకి తీసుకురండి. తాడు ముద్దయి వాల్వు అడుగు భాగాన్ని పైకి నెడుతుంది. చేతికి బిగువు తగలగానే ఆగి, కాడ మీద ఆయిల్ వేసి, కాసేపు ఆ ఒత్తిడి మీదే ఉంచండి. తల పక్కన చెక్కముక్కతో చిన్న చిన్న దెబ్బలు వేస్తే ఆ కదలికకి తుప్పు పట్టు వదులుతుంది. చిటుక్కుమని చప్పుడు చేసి వాల్వు కొద్దిగా పైకి లేస్తుంది.

తాడు వాల్వుని ఒక పక్క నుంచే నెట్టవచ్చు, కాబట్టి బలం ఎక్కువ పెడితే కాడ వంగిపోతుంది. ఒంటి చేత్తో తిప్పగలిగినంత బలం మించితే వద్దు. రాకపోతే పిస్టన్ దించి, మళ్లీ ఆయిల్ పట్టించి, మర్నాడు చూడండి. ఇక్కడ సెల్ఫ్ ఊసే ఎత్తకూడదు.

పైకి వచ్చిందా? ఇప్పుడు తాడు తీసి, వాల్వుని తల మీద తట్టి కొంచెం దించండి. మళ్లీ తాడుతో పైకి తెండి. ప్రతిసారీ ఆయిల్ వేయండి. ఎర్రటి నీళ్లలా తుప్పు కలిసిన ఆయిల్ బయటికి కారుతుంది, గుడ్డతో తుడుస్తూ ఉండండి. కొన్నిసార్లు ఇలా చేశాక స్ప్రింగే దాన్ని మూయడం మొదలుపెడుతుంది. పక్క వాల్వు చేసిన టక్కుమనే శబ్దం ఇదీ చేసేదాకా వదలకండి. సగం వదిలిన వాల్వుని ఇంజిన్ నడిస్తే అదే వదులుతుందిలే అని కవర్ మూసేయడం మాత్రం శుద్ధ బద్ధకం.

హెడ్ దించక తప్పకపోతే

వారం రోజులు ఓపిక పట్టినా కదలకపోతే, కదిలినా కంప్రెషన్ రాకపోతే, లేదా బండి నీళ్లలో మునిగి ఉంటే హెడ్ దించాలి.

బీఎంసీ ఇంజిన్‌లో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రాకర్ షాఫ్టుని పట్టుకున్న ఎనిమిది నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టుకుంటాయి. రాకర్ షాఫ్టు తీయడానికి ఆ నాలుగూ విప్పేస్తే హెడ్ ఒక పక్క బిగువుగా, ఇంకో పక్క వదులుగా అయి వంకర పోతుంది. నీళ్లు సిలిండర్‌లోకీ, సంపులోకీ దిగుతాయి. అందుకని రాకర్ షాఫ్టు ముట్టుకునే ముందే రేడియేటర్ నీళ్లు దించి, హెడ్ నట్లన్నీ కొంచెం కొంచెంగా, బయటి నుంచి లోపలికి వరసలో వదులు చేసుకురావాలి. హెడ్ ప్యాకింగ్ మార్చకుండా రాకర్ షాఫ్టు ఒక్కటే తీసి బిగిద్దాం అనుకునేవాళ్లకి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

హెడ్ లేవకపోతే పక్కల చెక్క సుత్తితో తట్టండి. సందులో స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పితే గీత పడుతుంది, ఆ గీతలోంచి ఎప్పటికీ లీకే.

బల్ల మీద హెడ్ పెట్టాక పని సులువు. స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కి, స్ప్రింగ్‌ని వాల్వు కాడకి పట్టి ఉంచే కాటర్ లాకులు తీయండి. పట్టేసిన వాల్వున్న చోట కిరసనాయిలు నింపి ఒక రోజు నాననివ్వండి. తర్వాత ఇత్తడి కడ్డీతో కాడ పైనుంచి కొట్టి బయటికి తీయాలి. దానికి ముందు కాడ చివర అంచు చూడండి. సుత్తి దెబ్బలకి అది గొడుగులా పరుచుకుని ఉంటే ముందు ఆకురాయితో రాసి సమం చేయండి. లేదంటే ఆ అంచు గైడు లోపలంతా గీసుకుంటూ పోతుంది.

తీసిన కాడని సన్నటి ఎమరీ కాగితంతో ఆయిల్ వేసి రుద్దండి. గుంటలు పడి ఉంటే వాల్వు మార్చండి. గైడు లోపల ఇత్తడి బ్రష్ తిప్పండి. కాడ పెట్టి ఊపి చూస్తే ఊగిసలాడుతుంటే గైడులు కొత్తవి వేయించాలి. అది ఇంట్లో పని కాదు. ఆటోనగర్‌లో లేత్ షాపులకి కొదవ లేదు. గైడు కొట్టి, రీమర్ తిప్పి, వాల్వు ఆనుకుని మూసుకునే సీటు 45 డిగ్రీలకి కోసి ఇస్తారు. ఏ వాల్వు ఏ సీటుదో నంబర్లు వేసి ఇవ్వండి, అక్కడ మీ హెడ్డొక్కటే ఉండదు.

హెడ్ ఎలాగూ అక్కడికి వెళ్తోంది కాబట్టి ఇంకో మాట అడగండి: ఎగ్జాస్ట్ వైపు గట్టి ఇనుప సీటు రింగులు వేయమని. పాత ఇంజిన్లు సీసం కలిసిన పెట్రోలు కోసం తయారైనవి. ఆ సీసం సీటు మీద పల్చటి పొరలా ఉండి అరుగుదలని ఆపేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పోత ఇనుము హెడ్‌లోనే కోసిన సీటు ఇప్పుడు త్వరగా అరుగుతుంది, వాల్వు మెల్లమెల్లగా లోపలికి కూరుకుపోతుంది. ఆదివారాలు మాత్రమే బయటికి తీసే బండికి ఈ ఖర్చు తప్పనిసరి ఏం కాదు. రోజూ గుంటూరు వెళ్లొచ్చే బండి అయితే వేయించండి.

తర్వాత గ్రైండింగ్ పేస్ట్‌తో వాల్వుని సీటు మీద నూరాలి. కర్ర చివర రబ్బరు గిన్నెలాంటిది వాల్వు ముఖానికి అతికించి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పండి. మధ్య మధ్య పైకెత్తి కొంచెం తిప్పి మళ్లీ పెట్టండి. వాల్వు చుట్టూ ఎక్కడా తెగకుండా బూడిద రంగు పట్టీ వస్తే చాలు. అతిగా నూరితే సీటే వెడల్పవుతుంది. పేస్ట్ గైడులోకి పోనివ్వకండి, చివర్లో కిరసనాయిలుతో రెండుసార్లు కడగండి. వాల్వులు, స్ప్రింగులు బిగించాక హెడ్ తిరగేసి గుంటల్లో కిరసనాయిలు పోసి టీ తాగి రండి. పోర్టుల్లోకి చెమ్మ దిగకపోతే సీటింగ్ సరిగా ఉన్నట్టు.

సైడ్ వాల్వ్ ఇంజిన్ అయితే

విల్లీస్ జీపు, 1950ల నాటి ల్యాండ్‌మాస్టర్ లాంటివాటిలో వాల్వులు హెడ్‌లో కాదు, బ్లాకులోనే తలకిందులుగా ఉంటాయి. వీటికి హెడ్ ఎత్తడం చిన్న పని, ఎందుకంటే హెడ్‌లో కదిలే భాగమే లేదు. ఎత్తగానే తెరుచుకుని పట్టేసిన వాల్వు బ్లాకు పైకి లేచి కనిపిస్తుంది. కాడ చుట్టూ ఆయిల్ వేసి, చెక్కముక్క పెట్టి తట్టి దించండి, పక్క మూత తీసి కిందనుంచి మీట పెట్టి ఎత్తండి, మళ్లీ దించండి. కాటర్ లాకులు తీయాల్సి వస్తే ముందు ఆ పక్క మూత వెనకున్న పెట్టెలో సంపులోకి పోయే రంధ్రాలన్నీ గుడ్డతో మూసేయండి.

టాపెట్ సెట్టింగ్

వాల్వులు వదిలాయి, అన్నీ బిగించారు. ఇప్పుడు రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య ఉండాల్సిన సందు సరిచేయాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌కి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. హెరాల్డ్‌కి 0.010 అంగుళం. విల్లీస్ సైడ్ వాల్వ్ ఇంజిన్‌కి 0.014. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. ఫియట్ యజమానులు కూడా పుస్తకం చూసే చేయండి.

ఏ వాల్వు ఎప్పుడు సెట్ చేయాలన్నదానికి తొమ్మిది లెక్క ఉంది. ఏ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని తెరిచి ఉందో చూసి, దాని నంబరుని తొమ్మిదిలోంచి తీసేయండి. వచ్చిన నంబరు వాల్వుని సెట్ చేయండి. ఎనిమిది తెరిచి ఉంటే ఒకటి, ఆరు తెరిచి ఉంటే మూడు, నాలుగు తెరిచి ఉంటే ఐదు, ఏడు తెరిచి ఉంటే రెండు. అలాగే ఒకటికి ఎనిమిది, మూడుకి ఆరు, ఐదుకి నాలుగు, రెండుకి ఏడు. హ్యాండిల్ రాడ్డు రెండు చుట్లు తిరిగేసరికి ఎనిమిదీ అయిపోతాయి. ప్లగ్గులు తీసి ఉంచితే తిప్పడం తేలిక.

లాక్ నట్ వదులు చేసి, ఫీలర్ గేజ్ రేకు రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య పెట్టి స్క్రూ తిప్పండి. రేకు లాగితే కాస్త పట్టి వదలాలి, తేలిగ్గా జారిపోకూడదు, ఈడ్చి లాగాల్సి రాకూడదు. స్క్రూ డ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని నట్ బిగించండి. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడండి. నట్ బిగింపుకే సందు మారుతుంది, నూటికి తొంభై తప్పులు ఇక్కడే.

రాకర్ ముక్కు అరిగి గుంట పడి ఉంటే రేకు ఆ గుంట మీద వంతెనలా ఆనుకుంటుంది. రేకు చెప్పే సందు కంటే అసలు సందు ఎక్కువ ఉంటుంది. ఎంత సెట్ చేసినా టకటక వస్తోందంటే కారణం అదే. ముక్కు నునుపుగా సాన పట్టించండి లేదా రాకర్ మార్చండి. అంతేగానీ శబ్దం పోవాలని సందు బిగించొద్దు. మన దగ్గర "టాపెట్ సౌండ్ రాకూడదు సార్" అని బిగించేసే అలవాటు బాగా ఉంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటుకి ఆనుకున్నప్పుడే హెడ్‌కి వదిలించుకుంటుంది. సందు లేకపోతే వేడికి కాడ సాగి, వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి పోదు, అంచు కాలి ముక్క ఊడుతుంది. సీసం లేని పెట్రోలుతో సీటు అరిగే కొద్దీ సందు దానంతటదే తగ్గుతుంది. కాబట్టి కాస్త మోగే టాపెట్‌తో టెన్షన్ పడకండి, ఏ శబ్దమూ లేకుండా నిశ్శబ్దంగా ఉన్నదాన్ని అనుమానించండి.

స్టార్ట్ చేసే ముందు, చేశాక

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. రాకర్ల మీద, పుష్ రాడ్ల చివరల మీద ఆయిల్ పోయండి. టాపెట్ కవర్ మూయకుండానే ప్లగ్గులు లేకుండా హ్యాండిల్ రాడ్డుతో బాగా తిప్పి, ఎనిమిది వాల్వులూ పైకీ కిందికీ ఆడుతున్నాయని కళ్లారా చూడండి. ఆ తర్వాతే బ్యాటరీ పెట్టి, ఇంకా ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెజర్ చూపించి, రాకర్ల దగ్గర ఆయిల్ ఊరేదాకా ఆగి ఆగి కొట్టండి.

కంప్రెషన్ గేజ్ దొరికితే నాలుగు సిలిండర్లూ పోల్చి చూడండి. ఒకటి బాగా తక్కువుంటే, ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసుకున్న స్థితిలో పెట్టి, బండి కదలకుండా చూసుకుని, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించండి. కార్బొరేటర్‌లో బుస్సుమంటే ఇన్‌లెట్, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు.

పెట్రోలు తాజాది పోయండి. మొదటి ట్యాంకులో ఐదు లీటర్లకి 50 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలిపితే ఇన్‌లెట్ గైడుల మీద తడి ఉంటుంది. సైలెన్సర్‌లో కాస్త పొగ వస్తే వచ్చిందిలే. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది. గొట్టాలు మార్చండి. నెలల తరబడి వదిలేసే బండిలో ట్యాంకు నిండా ఆ పెట్రోలు ఉంచొద్దు.

స్టార్ట్ అయ్యాక కార్బొరేటర్‌లో తుమ్మినట్టు వస్తుంటే ఒక ఇన్‌లెట్ వాల్వు ఇంకా పట్టిపట్టి మూసుకుంటోందని అనుమానించండి. ఇంజిన్ ఆపేసి కవర్ తీసి చూడండి. అంతా బాగుంటే మొదటిరోజే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి. తెల్లవారుజామున వారధి దాటి మంగళగిరి దాకా మెల్లగా వెళ్లి రండి. ఇంజిన్ రాత్రంతా చల్లారాక, హెడ్ దించి ఉంటే హెడ్ నట్లు పుస్తకంలో చెప్పిన వరసలో, చెప్పిన బిగువుకి టార్క్ పానాతో మళ్లీ బిగించండి. హెడ్ బిగిస్తే టాపెట్ సందు తగ్గుతుంది కాబట్టి ఎనిమిదీ మరోసారి చూడండి. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. అప్పుడు ఒక్క ఎగ్జాస్ట్ సందు మాత్రమే మిగతావాటికంటే బాగా తగ్గి ఉంటే ఆ సీటు అరుగుతోందని రాసి పెట్టుకోండి, తర్వాతిసారి అదే వాల్వుని ముందు చూడండి.